సంచి మీది చేప

అలెగ్జాండ్రియాలో సముద్రపు రోడ్డు వెనక ఉంది పెంపుడు జంతువుల తిండి అమ్మే రాగిబ్ కొట్టు. పొద్దున్నే, అందరూ గౌరవంగా హాజ్జా అని పిలిచే ఒక పెద్దావిడ వచ్చి, సగం వాడిన పిల్లి తిండి సంచిని బల్ల మీద పడేసింది.

“ఇందులో చేప ఎక్కడుందయ్యా?”

“అదిగో హాజ్జా, సంచి మీద ఎంత పెద్ద బొమ్మ వేశారో!”

“మా పిల్లి ఫుల్లా సంచి తినదు కదా! ఏది ఎక్కువుంటే దాని పేరే ముందు రాస్తారట, పశువుల డాక్టరు చెప్పాడు. వెనక రాసిన దినుసులు చదువు.”

“మొక్కజొన్న. బలానికి మంచిది హాజ్జా.”

“కోడికి మంచిది. నా పిల్లి గుడ్లు పెట్టదు. తర్వాత?”

“గోధుమ పొట్టు. ఆ తర్వాత... జంతు సంబంధ పదార్థాలు.”

“ఏ జంతువు?”

“అది రాయలేదు.”

“పేరు చెప్పుకోలేని జంతువన్నమాట. కొమ్ములా, గిట్టలా?”

“ప్రొటీన్ ఇరవై ఆరు శాతమని రాశారుగా!”

“పాత చెప్పులోనూ ఉంటుంది ప్రొటీన్. ఒంటికి పట్టొద్దూ? నీ మాట నమ్మి చలికాలమంతా ఇదే పెట్టాను. బొచ్చు రాలిపోయింది, నిమిరితే వెన్నెముక చేతికి తగులుతోంది.”

“మీ పిల్లికి అరగదేమో. మా అంతర్‌ని చూడండి, ఎలా నిగనిగలాడుతున్నాడో!”

“అయితే వాడికే పెట్టు.”

రాగిబ్ సంచిలోంచి గుప్పెడు గింజలు తీసి నేల మీద పోశాడు. గల్లాపెట్టె పక్కన పడుకున్న పిల్లి దిగొచ్చి వాసన చూసింది. తన మలాన్ని కప్పెట్టుకుంటున్నట్టు వాటి చుట్టూ నేలను గీరి వెళ్లిపోయింది.

“డాక్టరు కంటే త్వరగా తేల్చేశాడు. నిజం చెప్పు, వీడికేం పెడుతున్నావు?”

“సార్డీన్ చేపలు హాజ్జా. మా ఆవిడ ఉడకబెడుతుంది.”

“రేపటి నుంచి ఇంకో నాలుగు ఎక్కువ ఉడకబెట్టమను. ఫుల్లా కోలుకునేదాకా దాన్ని చంకనేసుకుని మీ ఇంటికే భోజనానికొస్తాను.”