నిండు నిమిషం

రా, కూర్చో. ముందు కాళ్లు చాపుకో. ఏమడిగావూ? "మీ రోజుల్లో కూడా చార్టులు మళ్లీ రాయించేవారా అమ్మమ్మా" అనా? డ్యూటీ నుంచి వచ్చిన పిల్ల ఎవరైనా ఆకలేస్తోందంటుంది, నువ్వేమో చార్టు అంటున్నావు. నిన్న పోయిందన్నావే, ఆ పదకొండో మంచం ఆవిడదేనా? మీ ఇన్‌చార్జి సిస్టరు ఖాళీ కాగితం చేతిలో పెట్టి, రేపు పొద్దున్నకల్లా నింపి తెమ్మందా? ఊఁ. సంచిలోనే ఉందా? ఇంకా ఏమీ రాయలేదంటావు. సరే, ఉండనీ. ఆ వాచీ ఇలా తే. ఇప్పటికీ జేబుకి తలకిందులుగానే తగిలించుకుంటున్నారన్నమాట. మా నిమిషం కూడా ఇలాగే... నిమిషం అంటే ఎవరంటావేంటి, మనిషే! అసలు పేరు అది కాదులే, మేం పెట్టింది.

నేనూ అదీ ఒకే గది, ఇద్దరికీ కలిపి ఒకే ట్రంకు పెట్టె. నర్సింగు స్కూల్లో రెండో సంవత్సరం. నలభై మంచాల ఆడవాళ్ల వార్డు, సిస్టర్లు ఇద్దరు, మిగతా చాకిరీ అంతా మాదే. డాక్టరు చదువు చదివేవాడు విద్యార్థి. నర్సు చదువు చదివే పిల్ల, అడిగే దిక్కులేని చాకిరీకి దొరికిన రెండు చేతులు. పొద్దున్నే బెడ్‌పాన్లు, తర్వాత దుప్పట్లు, ఆ తర్వాత డాక్టరుగారి చేతికి తువ్వాలు. పాఠం ఎప్పుడంటావా, కాళ్లలో సత్తువ మిగిలితే. మధ్యలో జ్వరం, నాడి, ఊపిరి చూసి చార్టుకెక్కించాలి. జ్వరం చూసేవాళ్లం, పాదరసం అబద్ధం చెప్పదు కనక. నాడి పావు నిమిషం పట్టుకుని నాలుగుతో హెచ్చవేసేవాళ్లం. ఊపిరి ఎవరు లెక్కపెడతారే? మామూలు మనిషికి నిమిషానికి అంతేగా అని, ఇరవై! ముసలిదానికి ఇరవై, బాలింతకి ఇరవై. ఒకసారి ఎనిమిదింటికి పోయిన ముసలావిడకి పదింటికి కూడా ఇరవై ఎక్కించిందొకత్తె. మా ఇన్‌చార్జి గంజి సిస్టరు లేదూ, బట్టలకీ గంజే మొహానికీ గంజే, ఆవిడ చూసి "పోయాక కూడా ఊపిరి తీసే పేషెంట్లు మన వార్డులోనే ఉన్నారమ్మా" అని నవ్వి తనే కొట్టేసింది. నవ్వుతావేం. మేమూ నవ్వాంలే.

నిమిషం మాత్రం నాడి చూస్తున్నట్టు పేషెంటు చెయ్యి పట్టుకుని, ఆ చేతిని ఆవిడ రొమ్ము మీదే ఆనించి, వాచీ వంక చూస్తూ నిలబడేది. నిండు నిమిషం. లెక్కపెడుతున్నామని తెలిస్తే ఊపిరి మారిపోతుందిట, అందుకని ఆ నాటకం. "నీ నిమిషాలు నిండేలోపు వాళ్లకి నూరేళ్లు నిండుతాయే" అని వెక్కిరించిందాన్ని నేనే.

ఆరో మంచంలో ఒక దర్జీ ఆవిడ ఉండేది. కడుపు ఆపరేషనై మూడో రోజు. వేళ్లనిండా సూది పోట్లు. మా యూనిఫారాల చంకలు చూసి "ఈ కుట్టు వేసినవాడెవడే, చెయ్యెత్తితే పిగిలిపోతుంది" అని తిట్టేది. ఆ రోజు పదింటికి నిమిషం ఆవిడ ఊపిరి లెక్కపెట్టింది. ముప్పై నాలుగు. నమ్మక మళ్లీ లెక్కపెట్టింది. ముప్పై నాలుగే. చార్టుకెక్కించి గంజి సిస్టరు దగ్గరికి పరుగెత్తింది. "ఆరింటికి ఇరవై, పదింటికి ముప్పై నాలుగా? మధ్యలో కొండెక్కి దిగిందేంటే?" అందావిడ. ఆరింటి ఇరవై ఎవరిదంటావా? నాది. నిమిషం ఊరుకోక, రౌండ్లకొచ్చిన డాక్టరుకీ చెప్పింది. ఆయన దాని మొహమైనా చూడకుండా "పిల్లలకి ముందు లెక్కలు నేర్పండి సిస్టర్" అని పక్క మంచానికి వెళ్లిపోయాడు. రెండింటికి నలభై. పెదాలు నీలం. అప్పుడు పరిగెత్తారు అందరూ. నాలుగు కొట్టేసరికి దుప్పటి మొహం మీదకి లాగాం.

మర్నాడు ఆవిడ అక్కచెల్లెళ్లు ముగ్గురూ వచ్చి, కాగితాలు చూపిస్తేగానీ లేవమని వార్డు గుమ్మంలో కూర్చున్నారు. గంజి సిస్టరు నన్ను దుప్పట్ల గదిలోకి పిలిచి, ఖాళీ చార్టు చేతికిచ్చింది. "మీ ఇద్దరూ ఒకళ్ల నోట్సు ఒకళ్లు రాసుకుంటారుగా. దాని చేతిరాత నీకొచ్చుగా" అంది. ఎందుకని అడిగానా? లేదు. ఆవిడే చెప్పింది, "పాత కాగితం బయటికొస్తే ఆరింటి ఇరవై ఎవరిదని కూడా అడుగుతారమ్మా" అని. అంతే. రాశాను. ఆరింటికి ఇరవై, పదింటికి ఇరవై, రెండింటికి ఇరవై. కింద దాని పొట్టి సంతకం.

"చావుబతుకుల్లో ఉన్న మనిషికి లెక్కపెట్టకుండా ఇరవై రాస్తావా?" అని మేట్రన్ గదిలో నిలబెట్టి దాన్ని వెళ్లగొట్టారు. వింటున్నావా? స్కూలు మొత్తానికి లెక్కపెట్టిన ఒక్కగానొక్క పిల్లని, లెక్కపెట్టలేదని! డాక్టరు అక్కడే టీ తాగుతున్నాడు. అది ఏడవలేదు. "నేను సిస్టరుకి చెప్తుంటే ఇది పక్కనే ఉంది, అడగండి" అని నా వైపు చెయ్యి చూపించింది. అడిగారు. దుప్పటి మారుస్తున్నానండీ, వినలేదన్నాను. మాటైనా తడబడకుండా వచ్చింది చూడు.

పెట్టెలోంచి దాని బట్టలు తీసుకుని, నావి మడతలు పెట్టి మరీ సర్ది వెళ్లింది. గుమ్మం దగ్గర ఒక్కటే మాట. "సంతకం బాగా కుదిరిందే. సున్నాలు మాత్రం నీవే." నాలుగేళ్లకి పోయిందన్నారు. ఏదో జ్వరంట. చివర్లో దాని చెయ్యి పట్టుకుని ఎవరైనా లెక్కపెట్టారో లేదో. నేనా? హెడ్ సిస్టరై, సన్మానం చేయించుకుని మరీ రిటైరయ్యాను. నా చేతికొచ్చిన ప్రతి పిల్లనీ నిండు నిమిషం, నిండు నిమిషం అని అరిచి చంపాను. అరిస్తే అది తిరిగొస్తుందా?

సరే, ఆ కాగితం తే, చూద్దాం. తిట్టనులే, ఇవ్వు. నా కళ్లజోడేదీ... ఊఁ. ఆరింటికి ఇరవై. పదింటికి ఇరవై. రెండింటికి... బస్సులో రాశావా? బస్సు కుదుపులకి కూడా అక్షరం వణకలేదే! సున్నాలు గుండ్రంగా, భలే వచ్చాయి. కింద ఈ సంతకం... ఇది నీది కాదే. ఎవరి పిల్లది?

వద్దు. పేరు చెప్పకు. లే, చేతులు కడుక్కుని రా. అన్నం చల్లారిపోతోంది.