పసుపు మంట

కూర్చో బావా, ముందు కూర్చో. పొయ్యి ఆరిపోయిందని అలా కాలు కాలినట్టు తిరక్కు. ఆరిపోలేదు, నేనే ఆర్పాను. గోడ దగ్గర గ్యాస్ వాల్వు కట్టేసి, దాని పిడి కూడా ఊడదీశాను.

అక్కకేమైందా? అబ్బ, గుర్తొచ్చిందే! ముందు పొయ్యి సంగతి అడిగావు, తర్వాత హోటల్ హాల్లో తినడానికి కూర్చున్నవాళ్ళ సంగతి అడిగావు, ఇప్పటికి పెళ్ళాం దాకా వచ్చావు. అదే పదివేలు.

కళ్ళు తిరిగి పడిపోయింది. చేతిలో పట్టకారుతో సహా. ఆ పొయ్యి ఊచల మీదికి పడాల్సింది, ఏదో పక్కకి ఒరిగింది. వెనక మెట్ల మీద గాలికి కూర్చోబెట్టాను. ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి బండి వస్తోంది.

నాటకం అన్నావుగా? మాంసం కాల్చే ఈ మాయదారి గ్యాస్ బ్రాయిలర్ పొయ్యి వచ్చిన దగ్గర్నుంచీ మధ్యాహ్నమయ్యేసరికి తల పట్టుకుంటోంది. "ఇంటికెళ్ళగానే తగ్గిపోతోందంటే అది తలనొప్పా, బద్ధకమా?" అని అడిగావు చూడు, ఎంత తెలివి! ఇంటికెళ్తే ఎందుకు తగ్గుతోందో మాత్రం ఆ తెలివికి తట్టలేదు.

ఫిట్టరు బిగించిన రోజు నేనిక్కడే ఉల్లిపాయలు తరుగుతున్నాను. వాడూ తక్కువవాడేం కాదు, టీ చల్లారిందని గ్లాసు తోసేశాడు. కానీ పని పనిలా చేశాడు. పొయ్యిని పొగ లాగే ఫ్యాను గొట్టం కింద సరిగ్గా నిలబెట్టాడు, గోడకి ఎడం ఉంచాడు, రెగ్యులేటరు బిగించాడు, ప్రతి అతుకు మీదా సబ్బు నురగ రాసి బుడగలొస్తాయేమోనని వంగి వంగి చూశాడు. వెలిగిస్తే ఊచల కింద మంట నీలంగా, పొట్టిగా, బుద్ధిగా ఉంది.

నీకు నచ్చితేగా! "ఇదేం మంట, రోగిష్టి మంట" అన్నావు. పసుపుగా ఎగిసెగిసి పడాలి, హాల్లోవాళ్ళు అద్దంలోంచి చూసి నోళ్ళు తెరవాలి. అంతేగా నీ సరదా?

వాడు వీధి మలుపు తిరిగాడో లేదో రెగ్యులేటరు పీకేసి పైపు నేరుగా తగిలించావు. పొయ్యిని అద్దం పక్కకి లాగావు. మరి గొట్టమెక్కడుంది బావా? అదుగో పైన, కింద ఖాళీ నేల. దేన్ని పీలుస్తోందది? నీ బుర్రలో ఉన్నదాన్నేమో, ఇన్నాళ్ళుగా ఏమీ దొరక్క ఆ ఫ్యాను ఊరికే తిరుగుతోంది. మంట ఊగి ఫొటోలు చెడిపోతున్నాయని ఉన్న ఒక్క కిటికీ కూడా మూయించావు.

మంట లేచింది, ఎందుకు లేవదు! అద్దానికి అవతల చప్పట్లు, ఇవతల మసీ, విషపు గాలీ. అక్క చీదిన చేతిరుమాలు నీకు చూపించానా లేదా? "వంటింట్లో మసి కాక పన్నీరొస్తుందా" అన్నావు. అలాంటి మాటలకి మాత్రం నీకు వెతుకులాట లేదు.

ఆ మంట ముందు నిలబడింది నువ్వా? ఇస్త్రీ చొక్కా వేసుకుని అవతల నిలబడి, "మా వంటంతా మీ కళ్ళెదుటే" అని చెయ్యి చాపుతావు. ఆ చెయ్యి చాపినవైపు ఒక్కసారి నువ్వూ చూసుంటే పెళ్ళాం మొహం కనపడేది.

ఏంటీ? హాలు నిండా జనం ఎదురుచూస్తున్నారా? చూడనీ. మంట లేకపోతే నువ్వెళ్ళి నిలబడు. ఇప్పుడు నీ మొహం కూడా అదే రంగులో ఉంది.

ఫిట్టరుకి నేనే ఫోన్ చేశాను. నిన్ను తిట్టిన తిట్లలో కొన్ని నాకే కొత్త. తానొచ్చేదాకా దేన్నీ ముట్టొద్దన్నాడు, రెగ్యులేటరు వెతికి పెట్టమన్నాడు. ఎక్కడ పారేశావు? ఏంటి? గట్టిగా చెప్పు.

తలుపుకి అడ్డం పెట్టావా! ప్రాణం కాపాడేదాన్ని తీసుకెళ్ళి తలుపు కొట్టుకోకుండా పెట్టావా! తిట్టడానికి కూడా మనసొప్పట్లేదు, నా తిట్లు దండగ.

కళ్ళు తెరవగానే అక్క ఏమందో తెలుసా? నీళ్ళడగలేదు. "మంట ఆరిపోయిందా? మీ బావ బాధపడతాడే" అంది. విన్నావా? నిజం చెప్తున్నా బావా, ఆ మాటకి నాకు నీ మీదకంటే తన మీదే ఒళ్ళు మండింది. నా చేతులు రెండూ పట్టుకుని, పిడి ఇచ్చెయ్యమని బతిమాలింది. ఇచ్చేశానన్నాను. ఎవరికని అడగలేదు.

మోరీకి. అవును, నీ చెప్పుల కిందున్న మోరీకే. వంగి చూడక్కర్లేదు, అడుక్కి వెళ్ళిపోయింది. ఫిట్టరు దగ్గర వేరేది ఉంటుందిలే, అడిగితే నాకిస్తాడు, నీకు మాత్రం ఇవ్వడు.

హారన్ వినపడుతోంది, బండొచ్చింది. వెళ్ళి అక్క పక్కన కూర్చో. మంట సంగతి అడుగుతుంది, చూస్తూ ఉండు. నిండుగా మండుతోందని చెప్పు.

నమ్ముతుందిలే. నువ్వేం చెప్పినా నమ్మడం తనకి అలవాటేగా.