బయటపెట్టడమంటే

నన్నెందుకట్టా చూస్తావు గ్రేసమ్మా? ఏలియా పట్టించాడని పేటంతా కూస్తుంటే నువ్వూ నమ్మావా? నీ మొగుడి సంగతి నేను ఏ పోలీసుకీ చెప్పలా. ప్రమాణం చెయ్యమంటావా?

కూర్చో ముందు. కూర్చోవా? సరే, నిలబడే విను.

తెల్లోళ్ల తంతి తీగలు తెంచాడని నీ మొగుడు ప్రభుదాసు పంతులి కోసం గురజాల ఠాణా పోలీసులంతా గాలిస్తుంటే, నాలుగు రోజులు నా కొట్టంలో దాచిందెవరు? రాత్రిబడిలో ఈ ముసలి చేతికి పలకిచ్చి, వేలిముద్ర మానిపించిన మనిషాయె. దాచనా మరి?

నిన్న తలారి ఓ కాగితం ఇచ్చిపోయాడు. అంతా ఇంగ్లీషు. నాకొచ్చింది తెలుగక్షరాలేనాయె!

ఆఁ? పంతులికే చూపించొచ్చుగా అంటావా?

చూపించలా. కంగారు పుట్టింది. మీరా సాహెబ్ దగ్గరికి పోయా. నరసరావుపేట కోర్టులో బంట్రోతుగా చేశాడుగా, నాలుగు ఇంగ్లీషు ముక్కలు తెలుసు. ‘‘ప్రభుదాసు ఆచూకీ తెలిసినోళ్లు డైవల్జ్ చెయ్యాలంట. లేకుంటే ఆర్నెల్లు జైలంట’’ అన్నాడు.

డైవల్జ్ అంటే ఏంది భాయ్, అన్నా. గడ్డం గోక్కుని, ‘‘బయటపెట్టడం’’ అన్నాడు.

మరి నేను చేసిందేంది? బయటపెట్టా! ఇవాళ మధ్యాహ్నం కొట్టం తలుపు తీసి, ఇంక వెళ్లు నాయనా అన్నా. ఇంట్లోంచి బయటపెట్టా. నాకట్టా అర్థమైంది. చదువు రానోడి తప్పేముంది అందులో?

ఏ బాట చూపించాననా?

మాచర్ల బాట.

మలుపులో పోలీసులు... ఆఁ, చూశా. పొద్దున ఎడ్లను నీళ్లకు తోలుకుపోతే నలుగురు కూర్చుని చుట్టలు కాలుస్తున్నారు.

అరవకు గ్రేసమ్మా. నీకు దణ్ణం పెడతా.

‘‘బయటపెట్టడమంటే చెప్పెయ్యడం రా ఏలియా’’ అని మీరా సాహెబ్ అంటూనే ఉన్నాడు. చాల్లే భాయ్ అని కాగితం మడిచి వచ్చేశా. నోటితో చెబితే పంతుల్ని అమ్ముకున్నట్టు. బయటికి పంపితే ఆ మాట పడదనుకున్నా. ఈ వయసులో జైలంటే చానా భయమేసిందమ్మా.

గుమ్మం దాటినోడు వెనక్కి తిరిగి, ‘‘తాతా, ఈ బాట మంచిదేనా?’’ అనడిగాడు.

మంచిదే నాయనా, అన్నా.