అత్త నన్ను పుట్టింట్లో ఇడిసిన రెండేండ్లు

“అవ్వా, పెద్దనాయనకూ మా నాయనకూ ఏడాదిన్నర గుడక తేడా ల్యాదంట, నిజమేనా?”

నిజమే తల్లీ. పద్నాలుగు నెల్లు... ఉండు, మీ నాయన పుట్టింది ఉగాది దాటినాక గదా, పదైదు. పెద్దోడు పుట్టేతలికి నాకు పదైదేండ్లు. మీ తాతకు గుడక ఇరవై నిండల్యా. ఆదోనిలో పత్తిమిల్లులో బేళ్ళు మోస్తాండె. మా అత్త ఆ మిల్లులోనే పత్తి ఏరతాండె, మొగుడు ల్యాని మనిషి.

పెద్దోని కాన్పుకు ఎమ్మిగనూరు పోయినా, మా పుట్టినిల్లు. మా నాయన మగ్గం నేస్తాండె. ఐదో నెల దాకా ఉండనీమని మాయమ్మ అడిగె. అత్త ఇనల్యా, మూడో నెల్లోనే వచ్చి పిలుచుకపోయె. ఆమె మిల్లుకు పోతే ఇంట్లో రొట్టె సేసేవాళ్ళు ల్యారు మరి. అప్పుడు బస్సుకు ముప్పావలానో, రూపాయో.

పెద్దోనికి ఆర్నెల్లకే నాకు మళ్ళా నెల తప్పింది. నాకేం తెలుసు? పాలు ఇగిరిపాయె, పిల్లోడు ఒకటే ఏడుపు. అత్తే కనుక్కొనింది. తిడుతుందనుకున్యా. వచ్చి పొయ్యికాడ నా పక్కన కూచ్చునె. “నీ తప్పు గాదులే. నాకు రొట్టె సేసేదానికని పచ్చి బాలింతను తెచ్చుకుంటి,” అనె. ఆ పొద్దునుంచి నన్ను బిందె ఎత్తనియ్యల్యా. పిల్లోనికి మేకపాలు ఆమే పట్టేది.

మీ నాయన కాన్పూ ఎమ్మిగనూరులోనే. నెత్తురు శానా పోయింది. ఇప్పట్లో ఇంగో కాన్పయితే ఈ పిల్ల దక్కదని ఆస్పత్రిలో నర్సమ్మ మాయమ్మనూ మా అత్తనూ, ఇద్దరు ముసలోళ్ళనూ కూచ్చోబెట్టి సెప్పింది. ముసలోళ్ళంటే, మా అత్తకు నలభై ల్యావులే.

మూడోనాడు అత్త ఆదోనికి పోను పెద్దోన్ని సంకనేసుకొని లేసె. వాకిట్లో నిలబడి మాయమ్మతో అనె: “రెండేండ్లు పంపొద్దు వదినా. నా కొడుకొచ్చినా పంపొద్దు. నేనొచ్చి అడిగినా పంపొద్దు.”

మీ తాత ఆదివారమైతే బజ్జీలు కట్టించుకొని వస్తాండె. ఎమ్మిగనూరు సేరేతలికి అవి సల్లగయ్యేవి. వచ్చి మా నాయన మగ్గం పక్కన ఆయన కూచ్చునేది, నన్ను ఓరకంట సూసేది, సాయంత్రం బస్సుకు పొయ్యేది. మాయమ్మ మా నడుమనుంచి కదిలితే గదా! నాకు గుడక ఆయన యెంట పోవాలనే ఉండె, సెప్తే సిగ్గుగాని.

రెండేండ్లకు అత్తే వచ్చి పిలుచుకపోయె. మీ పెద్దనాయనకు మూడు దాటినాయి. అత్త సీర పట్టుకొని ఎనకాల దాంకొని, “అమ్మా, ఈ అక్క ఎవురు?” అనె. అత్త మొగం తిప్పుకొని ఏడ్సింది. అమ్మ అనరా అని ఎన్నిసార్లు సెప్పిందో. వాడు ఇనల్యా. ఇప్పటికీ అక్కా అనే గదా పిలిసేది. ముందు వాడట్ల పిలిస్తే నేను లేసి బయటికి పొయ్యేదాన్ని. రాన్రానూ... పదైదేండ్లే గదా తేడా, అక్కనే.

మీ మేనత్త పుట్టేతలికి నాకు ఇరవైరెండు నిండినాయి. పాలు రెండేండ్లు తాగింది అది, బండమాదిరి ఉండె.

మా అత్త మాదిరి మనసుండే అత్త నీకు దొరకాల తల్లీ. బిడ్డలూ కలగాల. కలిగేతలికి నువ్వు బిడ్డమాదిరి ఉండకూడదు, అంతే. ఇట్ల రా, తలకాయ ఇట్ల పెట్టు... సల్లగుండు...