మా వదిన అమ్మని క్యాబేజీ

ఏంది బిందూ, క్యాబేజీనా? కొయ్యి కొయ్యి, నేను తినకుంటే మీరు తినొద్దని ఏం లేదు. మా సాలమ్మ వదిన యాదికొచ్చింది, గంతే. నువ్వు ఆమెను సూడలే, మీరు కిరాయికి రాకముందే పోయింది. మా అన్న ఉప్పలయ్య పెండ్లాం. ఉప్పల్ల స్టేడియం కడుతున్న రోజులు, నల్లచెరువు దిక్కు అన్నీ కూరగాయల మడులే అప్పుడు. ఇప్పుడు సూస్తే అన్నీ బిల్డింగులాయె. ఆ... ఏం జెప్తున్న? అన్న క్యాబేజీ పెట్టేటోడు. దానికి సన్న పచ్చపురుగు, ముట్టుకుంటే దారం ఇడిసి కిందికి జారుతది, ఆకంత జల్లెడ జేస్తది. మొదట్ల మందు గొడితే సచ్చేది, రానురాను ఏ మందుకూ సావకపాయె. ఎవరో అగ్రికల్చర్ మేడం వచ్చి, నడుమ నడుమ ఆవాల సాళ్లు ఎయ్యున్రి, ఆ పురుగే రెక్కలొచ్చినంక వాటిమీదికి పోయి గుడ్లు పెడ్తది అని చెప్పింది. వదిన ఏసింది. పురుగు సగం తగ్గింది గూడ. కానీ మాల్ కొనే త్రిమూర్తులు క్యాబేజీ గడ్డను తిప్పి తిప్పి సూసేటోడు. గోదావరి దిక్కు మనిషి, మాట మెత్తగ. “ఒక్క చిల్లున్నా సిటీవాళ్లు ముట్టరమ్మా” అనేటోడు.

ఇగ అన్న కోత ముంగట రెండు మందులు కలిపి కొట్టిండు. కలపొద్దని వదిన మొత్తుకుంది, ఇంటేనా? మూతికి గుడ్డ లేదు, ఒంటిమీద అంగి లేదు, ఎదురుగాలి. పంపు మూతి మూసుకపోతే నోటితోని ఊదిండట. సాళ్లల్లనే పడ్డడు. ఆటోల దవాఖానాకు తీస్కపోయినం, తొవ్వ పొంటి నురగలే. దక్కలే బిడ్డా.

దినాలు గాకముందే త్రిమూర్తులొచ్చిండు. పురుగు మొత్తం సచ్చింది గద, గడ్డలు నిగనిగ మెరుస్తున్నయ్. కడిగి అమ్ముకుంటా అన్నడు. మా అమ్మ గూడ ఇచ్చెయ్యమనే అన్నది. ఇద్దరు పిల్లలు, ఇంట్ల గింజ లేదు, ఏం జేస్తది మరి? వదిన మాత్రం మడికి అడ్డం నిలవడ్డది. “ఏ ఇంట్లనో పసిపోరడు తింటడు. నాకు ఈ ఒక్క శవం సాలు” అన్నది. పారేస్తే బర్లు మేస్తయని గుంత తవ్వి, అన్నీ నరికి అండ్ల ఏసింది. మా అమ్మ సచ్చేదాక ఆమెతోని మాట్లాడలే. తర్వాత నాచారంల కంపెనీ పనికి పోయి పిల్లల్ని సాదింది, అది ఏరే ముచ్చట.

అన్నకు అగ్గి పెట్టిననాడు ఆమె కంట్ల సుక్క నీళ్లు రాలే. గుంతల మన్ను నింపి, పైన తొక్కుకుంట తొక్కుకుంట, గక్కడనే కూలవడ్డది. మన్ను పిడికిట్ల పట్టుకొని, ఎంత మంచిగ కాసింది, ఎంత మంచిగ కాసింది అనుకుంట...

జర ఆ ఫ్యాన్ బంద్ జెయ్యి బిందూ, సలి పెడ్తుంది.