నలభై ఒకటో ట్యూబు

రేపు రిటైరయ్యే ల్యాబ్ అసిస్టెంటూ, ఒకప్పుడు ఆయన దగ్గరే పని నేర్చుకున్న ప్రొఫెసరమ్మా కలిసి, పెప్టైడ్‌లనే చిన్న ప్రోటీన్ ముక్కల ట్యూబులు దాచిన పాత ఫ్రీజర్ ఖాళీ చేస్తున్నారు.

“బాబాయ్, నలభై ఒకటో పెప్టైడ్ మన ప్రోటీన్‌కి గట్టిగా అతుక్కుంటుందని కంప్యూటర్ అంటోంది. అతుక్కోదని ఇరవై ఏళ్ల కిందట నేనే రాశాను.”

“నువ్వు దాన్ని కలిపితే కదమ్మా, అతుక్కోడానికి.”

“కలపలేదా?”

“ఇదిగో ట్యూబు. మూత సీలు చూడు, వేసింది వేసినట్టే ఉంది. ఫ్రీజర్ మారినప్పుడల్లా ముందు దీన్నే మార్చేవాణ్ణి.”

“ఎలా మర్చిపోయాను?”

“ఆ రోజే మీ ఆయన పుస్తకం అడిగే వంకతో మొదటిసారి ఇక్కడికొచ్చాడు. ఇక నీ చూపు పని మీద ఉంటేగా.”

“అప్పుడే చెప్పుంటే ఇరవై ఏళ్లు కలిసొచ్చేవి కదా, బాబాయ్.”

“చెప్పుంటే, ఆ అబ్బాయిని మళ్లీ ఈ గుమ్మం తొక్కనిచ్చేదానివా?”