వార్డుకు చేరని సోయా పొర

పందొమ్మిది వందల తొంభై నాలుగు జూలై పదకొండవ తేదీ ఉదయం, ఈ పరిశోధన సంస్థ మూడవ అంతస్తులో, కిటికీ సరిగా మూతపడని ఒక గదిలో ఇప్పుడు పదవీ విరమణ చేస్తున్న మా శాఖ శాస్త్రవేత్త ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ఆహార ధాన్యాల్లోని మాంసకృత్తులతో పలుచని పొరలు పోసి, వాటిపై మానవ చర్మకణాలను పెంచి, గాయాలపై కప్పదగిన చర్మాన్ని తయారుచేయడం ఆమెకు అప్పగించిన పని. పక్క భవనంలోనే కాలిన గాయాల వార్డు ఉండడంతో, ఆ పని ఎవరి కోసమో వారికి మొదటి రోజునే తెలిసింది.

తొలి సంవత్సరాలు సోయా పిండితోనే గడిచాయి. మాంసకృత్తిని వేరుచేసి, గ్లిజరిన్ కలిపి, పళ్లెంలో పోసి ఆరబెడితే మీగడలాంటి పొర వచ్చేది. అందుకే సహోద్యోగులు వారిని ‘మీగడ మేడమ్’ అన్నారు, వారూ నొచ్చుకోలేదు. అయితే పొరను గట్టిపరిస్తే కణాలు అంటుకునేవి కావు, మెత్తగా ఉంచితే పోషక ద్రవంలో పొరే చివికిపోయేది. ఈ రెంటి మధ్య వారి యౌవనం గడిచిపోయింది.

ఇరవయ్యేళ్ల క్రితం ఒక బస్తా సోయా గింజలతో చేసిన పొర నిలిచింది. కణాలు ఈ అంచు నుంచి ఆ అంచు వరకు పరుచుకున్నాయి. ఆనందం పట్టలేక మేడమ్ ఆ సాయంత్రమే బస్తాలో మిగిలిన గింజలన్నీ ఉడకబెట్టించి, ఉప్పూ కారం చల్లి, శాఖ మొత్తానికి పంచిపెట్టారు. అందరూ లొట్టలు వేసుకుంటూ తిన్నారు. మరుసటి వారం కొత్త బస్తాతో చేసిన పొర ఎప్పటిలాగే చివికిపోయింది. పరుగున కొట్టుకు వెళ్లి ఆ పాత గింజలు ఎక్కడివని అడిగితే, “సోయా అంటే సోయానే కదమ్మా, ఎక్కడివైతే ఏంటి?” అన్నాడు వ్యాపారి. ఆ తరువాత ఎన్ని రకాల గింజలు తెప్పించినా ఆ పొర మళ్లీ రాలేదు. తన విజయాన్ని తానే నమిలి మింగిన శాఖ లోకంలో ఇదొక్కటే కావచ్చు.

వార్డు నర్సు ఎదురైనప్పుడల్లా, “మేడమ్, మీ పొర మాకెప్పుడిస్తారు?” అని అడిగేది. కొన్నేళ్లకు అడగడం మానేసింది. “అడిగినప్పుడే నయమండీ. ఇప్పుడు చూసి, నవ్వి పోతోంది,” అని మేడమ్ ఒకసారి కంట తడి పెట్టుకున్నారు.

ఈ వీడ్కోలు సంచిక కోసం తమ విజయాలు చెప్పమంటే, “విజయాలెక్కడివి బాబూ? పొర నిలవలేదని రాయండి, చాలు,” అన్నారు. గత శుక్రవారం మిగిలిన కణాలను పారబోసి, వాటిని వెచ్చగా ఉంచి పెంచే ఇంక్యుబేటర్ ఆపవలసి వచ్చింది. సాయానికి వచ్చిన కూతురు, “నువ్వు కూర్చో అమ్మా, నేను ఆపేస్తాలే,” అంది. “వద్దే, పెంచినదాన్ని నేనే,” అని మేడమ్ తమ చేత్తోనే మీట నొక్కారు. అక్కడున్నవారికి దుఃఖం ఆగలేదు.

వారి స్థానంలో ఎవరినీ నియమించడం లేదు. ఆ గదిలో పాత ఫైళ్లు సర్దుతారట. వార్డులో మంచాలు మాత్రం ఖాళీగా లేవు. ఆ పొర పోయడం తెలిసిన చేతులు ఈ భవనంలో మరెవరికీ లేవు కనుక, మీగడ మేడమ్ ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు ఉండాలని ఈ శాఖ స్వార్థంతోనే కోరుకుంటున్నది.